సోమ, గురువారాల మిస్సింగ్

మా బావ దగ్గరికి కారు తెచ్చినవాళ్ళు మొదటి అరగంటలో కనీసం మూడుసార్లు వాచీ చూసుకుంటారు. ఆయన బానెట్ ఎత్తడు మరి. ఖాళీ గ్రీజు డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంటాడు. వచ్చినవాళ్ళకి స్టూలు చూపిస్తాడు. ఇక అడగడం మొదలుపెడతాడు. ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, పొద్దునా సాయంత్రమా, ఎత్తు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఒక్కరే ఉన్నప్పుడా నలుగురు ఎక్కినప్పుడా, రాత్రిపూట బండి ఎక్కడ పెడతారు. ఒకసారి ఒక పెద్దమనిషి విసిగిపోయి, "బండి బాగుచేయించుకోవడానికి వచ్చానయ్యా, సంబంధం కలుపుకోవడానికి కాదు" అని లేచి వెళ్ళిపోయాడు. బావ ఏమాత్రం నొచ్చుకోలేదు. "రేపొస్తాడులే, ఆ బండి ఊరు దాటదు" అన్నాడు. మర్నాడు తాడు కట్టి లాక్కొచ్చారు.

వీధిలో ఆయన్ని ప్రశ్నల మేస్త్రి అంటారు. నేను ఆయన మరదల్ని. ఆయన షెడ్డుకీ నా స్పేర్ పార్టుల కొట్టుకీ మధ్య ఉన్నది ఒకే గోడ. సామాను చేతికి అందించడానికి వీలుగా ఉంటుందని ఆ గోడకి నేనే పట్టుబట్టి ఒక కిటికీ పెట్టించాను. పదేళ్ళుగా ఆ కిటికీలోంచి సామాను కంటే నా సణుగుడే ఎక్కువ అవతలికి వెళ్ళింది. సణక్కుండా ఎలా ఉంటాను? నా వ్యాపారం అంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, అనుమానం వస్తే మార్చెయ్యడం. ఆయన పని అంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, అనుమానం ఉన్నంతసేపూ ముట్టుకోకపోవడం. ఇలాంటి బావ పక్కన కొట్టు పెట్టుకున్నందుకు మా ఆయన నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు. లారీ మీద తిరిగే మనిషి, ఇంట్లో ఉండేది నెలకి పది రోజులు, ఆ పది రోజులూ ఇదే పాట.

అయినా బావంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అక్కను చూడ్డానికి వచ్చిన రోజున, ఎవరినో అడిగి తెచ్చుకున్న స్కూటరు తిరుగు ప్రయాణంలో మొరాయించింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి చూస్తుంటే ఆయన చొక్కా చేతులు మడిచి, విప్పిన ప్రతి స్క్రూనీ నా అరచేతిలో పెట్టి, "ఇది ఒకటోది, ఇది రెండోది, కలిపెయ్యకు" అన్నాడు. గుప్పెట బిగించుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డాను. ఆ గంటలోనే నాన్న మనసులో సంబంధం ఖాయమైపోయింది. అక్కను ఎవరైనా అడిగారో లేదో గుర్తులేదు. నన్ను అడిగి ఉంటే మాత్రం అప్పటికప్పుడు సరే అనేదాన్ని.

ఇప్పుడు చెప్పబోయేది సూదులమ్మాయి కారు సంగతి. ఆమెను వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. ఇళ్ళకు వెళ్ళి పరీక్షలకు రక్తం తీసి, ఆ గొట్టాలను ఐసు పెట్టిన డబ్బాలో సర్దుకుని ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. పొద్దున ఆరింటికి మొదటి ఇంటి గుమ్మంలో ఉండాలి, ఎనిమిదిన్నరకల్లా డబ్బా ల్యాబులో ఉండాలి. భర్త వంతెనలు కట్టే పనిలో ఎక్కడో దూరాన ఉంటాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, మామగారు, అంతే. మామగారు బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. నాలుగు నెలల కిందట ఆమె ఈ ఉద్యోగంలో చేరుతుంటే ఆయన, "తెల్లారకముందే ఒంటరిగా వీధులు పట్టుకు తిరిగే ఉద్యోగం నీకెందుకమ్మా" అన్నాడట. ఆమె ఊరుకోకుండా ఒక మాట అంది. ఆయన ఇంకో మాట అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా "భోజనం పెట్టాను", "తాళం ఇక్కడుంది" తప్ప మూడో మాట లేదు.

ఆమె నడిపేది భర్త కొన్న చిన్న పెట్రోలు కారు, పాతది. నెలన్నర నుంచి అందులో మిస్సింగ్ మొదలైంది. మిస్సింగ్ అంటే తెలియనివాళ్ళకి చెప్తాను. ఇంజన్లో నాలుగు సిలిండర్లుంటాయి. నలుగురు కలిసి బీరువా మోస్తుంటే ఒకడు చెయ్యి వదిలేశాడనుకోండి, మిగతా ముగ్గురూ ఎలా తూలిపోతారో బండి అలా తూలుతుంది. మొదటిసారి ఆమె వచ్చినప్పుడు బావ ఊళ్ళో లేడు. దొరికిందే అదను అని నేను కొత్త ప్లగ్గులు అమ్మి, పక్క వీధి మెకానిక్ చేత వేయించాను. తగ్గలేదు. రెండోసారి బావ వద్దంటున్నా వినకుండా, ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ అమ్మాను. అదీ అంతే. మూడోసారి ఆమె ఒక సోమవారం పదింటికి వచ్చింది. ఈసారి ప్లగ్ వైర్లు అమ్ముదామని నేను డబ్బా కిందికి దించుతుంటే, బావ కిటికీలోంచి తల పెట్టి, "దాన్ని మళ్ళీ పైన పెట్టు" అన్నాడు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. కళ్ళ కింద నలుపు. "పొద్దున బాగానే స్టార్ట్ అవుతుందండీ. వీధి చివరికి వచ్చేసరికి ఒకటే కుదుపు. ఎంత తొక్కినా ముందుకు పోదు. ఇవాళ రెండుసార్లు ఆగిపోయింది. ముప్పావుగంట పోయాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఇప్పుడు చూడండి, మీ ముందు ఎంత బుద్ధిగా ఉందో."

"మీ ల్యాబువాళ్ళు ఏమంటున్నారమ్మా?"

"ఇంకొక్కసారి ఆలస్యమైతే నా రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఇవాళే చెప్పారు."

బావ లేచి, ఇంజన్ చల్లారేదాకా ఆగి, రెండో సిలిండరు వైరు లాగి ప్లగ్గు విప్పాడు. ఈ కార్లలో ప్లగ్గు ఇంజన్ నెత్తి మీద ఒక లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది. వైరు చివరనున్న రబ్బరు తొడుగు ఆ గుంటకి మూతలా పనిచేస్తుంది. పెట్రోలు మండాలంటే లోపల ప్లగ్గు రవ్వ కొట్టాలి. ఆయన ఆ ప్లగ్గును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను అమ్మి నెల కూడా కాలేదు, అప్పుడే నడుము చుట్టూ కొద్దిగా తుప్పు. తెల్ల పింగాణీ మీద సన్నటి సున్నపు గీత. బకెట్లో నీళ్ళు నిలిచి ఆరిపోతే అంచున మిగులుతుంది చూడండి, అలాంటిది.

"వానలేమన్నా పడ్డాయా ఈ మధ్య?" అన్నాడు. పడి రెండు నెలలైందని ఆయనకీ తెలుసు. "బండి ఎక్కడ పెడతారు?" రేకుల కింద. "ఎవరు కడుగుతారు?" ఆదివారం తనే పైపైన తుడుస్తుందట. "మరి ఏ ఏ రోజుల్లో ఇలా అయిందో గుర్తుందా?"

ఆమె సంచిలోంచి ల్యాబు పుస్తకం తీసింది. ఏ ఇంటికి ఎన్నింటికి వెళ్ళిందో అన్నీ అందులో ఉన్నాయి. బావ వేలు పెట్టి ఒక్కో పేజీ చూసుకుంటూ వెళ్ళాడు. ఆలస్యమైన రోజులు పదకొండు. పదకొండూ సోమవారాలో, గురువారాలో. మిగతా రోజుల్లో బండికి తలనొప్పి కూడా రాలేదు.

"క్యాలెండరు చూసుకుని చెడిపోయే ఇంజన్ని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాను నేను కిటికీలోంచి. ఎవరూ నవ్వలేదు.

ఆమె పుస్తకం మూసి, నెమ్మదిగా అడిగింది. "సోమ, గురువారాల్లోనే నాకు ఇళ్ళు ఎక్కువ. ఆ సంగతి ఇంట్లో తెలుసు. మేస్త్రిగారూ, ఎవరైనా కావాలని ఇలా చెయ్యొచ్చా?"

బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. జవాబు చెప్పలేదు. ఆయన అలా ఊరుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగింది చిన్న ప్రశ్న, చెప్పడానికి ఏం రోగం? నా నోరు ఎప్పుడూ నాకంటే ఒక అడుగు ముందుంటుంది. "ఎందుకు చెయ్యకూడదు? ఆ గుంటలో కాసిని నీళ్ళు పోస్తే చాలు, సగం దారిలో ఆగిపోతుంది" అనేశాను.

ఆమె మొహం పాలిపోయింది. ఏడవలేదు, కోప్పడలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది. "అనుకుంటూనే ఉన్నాను. నేను ఉద్యోగం మానాలని ఆయన పట్టుదల. ఈ గురువారం కూడా ఇలాగే అయితే ఇక నేను ఆ ఇంట్లో ఉండను. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పేస్తాను." బావ ఏదో అనబోయేలోపే బండి తీసుకుని వెళ్ళిపోయింది.

బావ నన్ను తిట్టలేదు. వచ్చి కిటికీ తలుపు దగ్గరగా వేసేశాడు. పదేళ్ళలో అదే మొదటిసారి. నాకు కొట్టులో కాలు నిలవలేదు. మూడింటికి ఆయన అన్నం తినే వేళ చూసి, సిగ్గు చంపుకుని షెడ్డులోకి వెళ్ళాను. క్యారియర్ మూత తీసి పెట్టుకుని, తినకుండా కూర్చుని ఉన్నాడు.

"తిట్టాలనుంటే తిట్టు బావా. ఇలా మాట్లాడకుండా ఉండకు" అన్నాను.

"కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు, పాతికేళ్ళ కిందటి సంగతి.

కొత్తగా షెడ్డు పెట్టిన రోజులు. ఒక బట్టల కొట్టాయన వచ్చి, రాత్రికి రాత్రి బండిలో పెట్రోలు తగ్గిపోతోందన్నాడు. బావ ట్యాంకు, గొట్టాలు అన్నీ చూశాడు. ఎక్కడా కారడం లేదు. "బండిలో లోపం లేదండీ, ఎవరో తీస్తున్నారు" అని చెప్పాడు. ఆ ఇంట్లో కొట్టాయన తమ్ముడు ఉండేవాడు, ఇంకా పని దొరకని కుర్రవాడు. ఆ రోజే అన్న అతన్ని నలుగురిలో కొట్టి బయటికి పంపేశాడు. వారం తర్వాత ఆ బండి ఇంకో పని మీద వస్తే, బావ ట్యాంకు మొత్తం కిందికి దించాడు. పై అంచున వెంట్రుకంత పగులు. నిండా పోయిస్తేనే కారేది, కాస్త తగ్గగానే ఆగిపోయేది. పరుగున వెళ్ళి చెప్పాడు. చెప్పి ఏం లాభం? అప్పటికే ఆ తమ్ముడు ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

"ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలీదు" అన్నాడు బావ. "ఆ అన్నగారు చాలా ఏళ్ళు వెతికాడు. నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. అప్పటి నుంచి బండిలో తప్పేమిటో చెప్తాను గానీ, మనుషుల తప్పు నేను చెప్పను చిన్నీ. నాకు బండ్లే సరిగ్గా అర్థం కావు, మనుషులేం అర్థమవుతారు?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ మనిషి నాకు బావ. పదేళ్ళుగా పక్క గోడ. ఈ సంగతి నాకు తెలీదు. ఆయన అడిగే ప్రశ్నలన్నీ నత్తనడక మనిషి చాదస్తం అనుకున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయన క్యారియర్ లోంచి ఒక గిన్నె నా ముందుకు జరిపి, "గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకి తయారుగా ఉండు. నీ నోరు వెళ్ళిన చోటికి నీ కళ్ళు కూడా రావాలి" అన్నాడు.

గురువారం స్కూటరు మీద వెళ్ళాం. నా ఒళ్ళో పనిముట్ల సంచి, సైకిల్ పంపు. ఆ ఇంటికి ఎదురుగా మూసిన జిరాక్సు కొట్టు ఉంటే దాని మెట్ల మీద కూర్చున్నాం. వీధి దీపం సరిగ్గా వాళ్ళ గేటు ముందే ఉంది. పొట్టి గేటు, లోపల రేకుల కింద కారు కనిపిస్తోంది. ఐదు కావడానికి పావుగంట ఉందనగా తలుపు తీసుకుని పెద్దాయన బయటికి వచ్చాడు.

మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, మెడ దగ్గర రంగు పోయిన ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. చేతిలో బకెట్, మగ్గు, కుచ్చు బ్రష్షు. చప్పుడు కాకుండా బానెట్ ఎత్తి కడ్డీ పెట్టాడు. మగ్గుతో నీళ్ళు తీసి ఇంజన్ మీద సన్నగా పోస్తూ, బ్రష్షుతో మూలమూలలా రుద్దుతున్నాడు. ఎంత ఓపికగా చేశాడో చెప్పలేను. చంటిపిల్లాడికి తలంటుతున్నట్టు, కంట్లో పడకుండా చూసుకుంటున్నట్టు ఉంది. తర్వాత దీపాలు తుడిచాడు, అద్దాలు తుడిచాడు. చివరికి గోనెపట్టా తెచ్చి కింద పడిన నీళ్ళన్నీ అద్దేశాడు. ఎవరికీ తెలియకూడదని.

దొంగ పని చేసేవాడు అద్దాలు తుడుస్తాడా? బావ లేచి వీధి దాటి గేటు దగ్గర నిలబడ్డాడు. "బాగా కడిగారు పెద్దాయనా. డిపోలో కడిగేవారా?"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు గానీ, బావ గొంతులో ఎగతాళి లేదని గ్రహించి గేటు తీశాడు. "వాషింగ్ షెడ్డులో, ముప్పై నాలుగేళ్ళు" అన్నాడు గొంతు తగ్గించి. "సోమవారం, గురువారం ఇంజన్ వాషింగ్. ఈ బండికీ అంతే, అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ. నేను కడిగిన బస్సు దారిలో ఆగిందని ఏ డ్రైవరూ అనలేదు. మీరెవరు?"

"మీ కోడలి బండి చూసే మేస్త్రిని. ఈమె మా మరదలు." బావ వంగి ఇంజన్ వైపు చూశాడు. "బస్సులు డీజిల్ కదండీ."

"అవును."

"ఇది పెట్రోలు." ఆ మాట చెప్పి బావ నా చేతిలోని సంచి అందుకున్నాడు. రెండో సిలిండరు వైరు లాగి పక్కన పెట్టాడు. రబ్బరు తొడుగు అంచు నిలువునా పగిలి ఉంది. స్క్రూడ్రైవరుకి ఒక గుడ్డపేలిక చుట్టి గుంటలోకి దించి పైకి తీశాడు. పేలిక తడిసి నీళ్ళు కారుతోంది. "డీజిల్ ఇంజన్లో రవ్వ ఉండదు పెద్దాయనా, నొక్కుడుకే మండుతుంది. మీరు ఎన్ని నీళ్ళు పోసినా దానికి లెక్కలేదు. ఇందులో ఇక్కడ రవ్వ పుట్టాలి. ఈ రబ్బరు పగిలిపోయింది, అందుకని నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. మొదటి రెండున్నర నెలలూ మీరు కడిగినా ఏమీ కాలేదు, చూడండి. రబ్బరు బాగుంటే ఇప్పుడూ ఏమీ కాకపోను. తప్పు రబ్బరుది."

పెద్దాయన ఆ పేలికను చేతిలోకి తీసుకుని పిండాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. "అంటే అమ్మాయికి ఆలస్యమవుతున్నది..." అని ఆగిపోయాడు. కారు అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషి మొహం చూడలేకపోయాను.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. భుజాన డబ్బాతో కోడలు. ఎత్తిన బానెట్ చూసింది, బకెట్ చూసింది, ఖాకీ బట్టల్లో తడిసి ఉన్న మామగారిని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు చెప్పినట్టే అయిందండీ" అంది. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ.

ఆ మాట నా చెవిలో పడ్డప్పుడు భూమి చీలితే బాగుండుననిపించింది. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అన్నాడు. "అవునమ్మా. నేనే. నీళ్ళు పోసింది నేనే."

అంతే. ఒక్క సాకు చెప్పలేదు. తలవంచుకుని, శిక్ష ఏదో వేస్తే తీసుకుందామన్నట్టు నిలబడ్డాడు. ఆమె డబ్బా కింద పెట్టి ఫోన్ బయటికి తీసింది. నేను బావ మొహం చూశాను. మనుషుల సంగతి మాట్లాడనన్న మనిషి నుదుటి మీద చెమట పట్టింది.

"పెద్దాయనా" అన్నాడు బావ. "ఎందుకు పోశారో కూడా చెప్పండి. ఇక్కడితో ఆపితే అమ్మాయికి అబద్ధం చెప్పినట్టే."

పెద్దాయన మగ్గు తీసి బకెట్లో పెట్టాడు. "డిపోలో మొదటి బస్సు నాలుగున్నరకి పోయేది" అన్నాడు చివరికి. "చీకట్లో డ్రైవరు ఒక్కడే స్టీరింగు పట్టుకుని గేటు దాటేవాడు. ఆ బస్సుని నేను మిగతావాటికంటే ఎక్కువ రుద్దేవాణ్ణి. దారిలో ఏమీ కాకుండా పోయి రావాలని. నువ్వూ అలాగే పోతున్నావు. జాగ్రత్తమ్మా అని చెబుదామంటే ఆ రోజు నేనన్న మాట అడ్డమొస్తోంది. అందుకని కడిగాను. కడిగితే ఆగిపోతుందని తెలీదమ్మా. నా బస్సులు ఎప్పుడూ ఆగలేదు."

ఆమె కళ్ళు నిండాయి గానీ కిందికి జారనివ్వలేదు. ఫోన్లో టైము చూసుకుంది. "ఐదున్నరైంది. పావుగంటలో బయల్దేరాలి. ఇది ఆరుతుందా మేస్త్రిగారూ?"

"నలుగురం ఉన్నాం" అన్నాడు బావ.

ఆ పావుగంట నా జన్మలో మరిచిపోను. బావ నాలుగు వైర్లూ లాగి వరసగా కారు మీద పరిచాడు. పెద్దాయన భుజాన ఉన్న తువ్వాలు తీసి పర్రున చించి, ఒక్కో పీలికనీ వత్తిలా పేని ఒక్కో గుంటలోకి దించాడు. ఒక్కటీ తప్పు పోలేదు. నేను సైకిల్ పంపు కొట్టాను, రెక్కలు పడిపోయేలా. కోడలు ఫోన్ లైటు పట్టుకుని గుంటల్లోకి తొంగిచూస్తూ, "ఒకటోది ఆరింది. రెండోదాంట్లో ఇంకా మెరుస్తోంది. మావయ్యగారూ, ఇంకొంచెం లోపలికి" అంటోంది. భోజనం, తాళం కాకుండా నాలుగు నెలల్లో ఆమె ఆయనతో అన్న మొదటి మాట అదేనని ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగినప్పుడు తెలిసింది. పగిలిన రబ్బర్ల అంచుల చుట్టూ బావ దట్టంగా గ్రీజు పూసి నొక్కాడు, కొత్తవి వేసేదాకా ఆగుతాయని.

ఆమె తాళం తిప్పింది. బండి మొదట రెండుసార్లు తూలింది. తర్వాత సర్దుకుని సాఫీగా అందుకుంది. బావ వెనక్కి వెళ్ళి సైలెన్సరు ముందు అరచెయ్యి పెట్టి, కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "నాలుగూ కొడుతున్నాయి, వెళ్ళిరా అమ్మా" అన్నాడు.

ఆమె గేరు వెయ్యలేదు. పక్కకి వంగి ఎడమ తలుపు తెరిచింది. "మావయ్యగారూ, మలుపుల్లో డబ్బా ఒరిగిపోతోంది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారా?"

"తడి బట్టలమ్మా" అన్నాడాయన.

"టైమవుతోంది. ఎక్కండి."

ఆయన ఖాకీ నిక్కరుతోనే ఎక్కాడు. కారు మలుపు తిరిగేదాకా బావా నేనూ గేటు దగ్గరే నిలబడ్డాం. గేటు వేసి, బకెట్ లోపల పెట్టి, స్కూటరెక్కాం. దారిలో నాకు నోరు ఊరుకోలేదు. "ఆ రోజు నన్ను వైర్లు అమ్మనిచ్చి ఉంటే కొత్త రబ్బర్లు వచ్చేవి. రోగం దానంతటదే కుదిరేది. ఇంత పొద్దున్నే ఈ పంపు కొట్టే బాధ తప్పేది" అన్నాను.

"బండి బాగయ్యేది" అన్నాడు బావ. "ఆయన కడుగుతూనే ఉండేవాడు, ఆమెకి తెలిసేది కాదు. ఇద్దరూ భోజనం, తాళం అనుకుంటూ ఉండేవాళ్ళు." స్కూటరు మలుపు తిప్పి, "పంపు బాగా కొట్టావు" అన్నాడు. మా బావ నోట మెచ్చుకోలు రావడమంటే మామూలు విషయం కాదు. కొట్టుకి వెళ్ళేసరికి కిటికీ తలుపు బార్లా తీసి పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన ఒక్కడే నడుచుకుంటూ నా కొట్టుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటుపుస్తకం. పెట్రోలు బండి ఇంజన్ ఎలా శుభ్రం చెయ్యాలో మేస్త్రిని అడిగి రాసుకుందామని వచ్చాడట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బావ ఇంకో బండి కింద ఉన్నాడు, కాసేపు కూర్చోమన్నాను. ఆయన నాలుగు కొత్త తొడుగులు చూపించమన్నాడు. ఒక్కోదాన్నీ వేళ్ళతో సాగదీసి, వెలుతురుకి పట్టి పగుళ్ళున్నాయేమో చూసుకుంటున్నాడు.

ఎదురుగా ఆయన అలా కూర్చుంటే నాకు ముళ్ళ మీద ఉన్నట్టుంది. ఎన్నాళ్ళు దాస్తాను? "పెద్దాయనా, మీ కోడలికి ఆ అనుమానం ఎక్కించింది నేనే. నోటి దురుసు కొద్దీ అనేశాను. నన్ను క్షమించండి" అన్నాను.

"తెలుసమ్మా. నిన్న కారులో చెప్పింది" అన్నాడాయన, తొడుగు మీంచి చూపు తిప్పకుండానే. "మీ సంగతి మీదే చాలాసేపు మాట్లాడుకున్నాం. నాలుగు నెలల తర్వాత మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరకాలిగా." మీసాల్లో నవ్వాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

"నిన్న టైముకి చేరారా మరి?"

"ఎనిమిదీ ఇరవైకి చేరాం. రూటు ఉంచారు." తొడుగు కౌంటరు మీద పెట్టేశాడు. తర్వాత తనలో తను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "మొదటి ఇంటి దగ్గర ఒక ముసలామె గేటు పట్టుకుని నిలబడి ఉంది. పరగడుపున. మా అమ్మాయిని చూసి, వచ్చావా తల్లీ, ఇవాళ కూడా రావేమో అనుకున్నాను అంది. చెయ్యి పట్టుకుని వదల్లేదు. ప్రతి ఇంట్లోనూ అంతే. అందరూ పెద్దవాళ్ళే, షుగరు మనుషులు. ఈమె వచ్చి సూది గుచ్చి వెళ్ళేదాకా కాఫీ చుక్క కూడా నోట్లో వేసుకోకూడదట. నెలన్నర నుంచి సోమవారం, గురువారం వాళ్ళందరినీ పస్తు కూర్చోబెట్టింది నేను. ఈ ఉద్యోగం నీకెందుకు అన్నదీ నేనే."

"మరి అమ్మాయితో ఏమన్నారు?"

"ఏమంటానమ్మా? రెండో ఇంటి దగ్గర్నుంచి ఆమె కంటే ముందే దిగి, గేటు తీసి పట్టుకున్నాను. మిగిలిన పది ఇళ్ళకీ."